ఉస్మానియా దవాఖాన: పేరు పోయిందా, మనమే పోవడం మానేశామా?

మూసీగట్టు
గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది కదా. దాదాపు 26 ఎకరాలు, 2,000 పడకలు, 2,700 కోట్ల దాకా ఖర్చు అన్నారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ ముచ్చట వస్తే ఒకాయన “ఉస్మానియానా, అక్కడికి పోయినోడు తిరిగొస్తాడా” అని నవ్వేశాడు. పక్కనే కూర్చున్న ఇంకొకాయన “మా నాన్న ఇవాళ ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నాడంటే ఆ దవాఖాన పుణ్యమే” అన్నాడు. ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లే. ఒకే ఆస్పత్రికి ఇంత తేడాగా రెండు పేర్లు ఎట్లా వచ్చాయి? మొదటి నుంచీ ఇంతేనా, మధ్యలో ఏమన్నా జరిగిందా? చరిత్ర తెలిసినవాళ్లు, అందులో చదివినవాళ్లు, పనిచేసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

అఫ్జల్‌గంజ్ అబ్బాయి
పార్టీలు వద్దంటే ఉస్మానియా గురించి మాట్లాడటానికి ఏం మిగులుద్ది భయ్యా. సరే, చరిత్రతో మొదలుపెడతా.

మా తాత కాలం నుంచి అఫ్జల్‌గంజ్‌లో కిరాణా హోల్‌సేల్ మాది. మా బజారు పేరే ఆ ఆస్పత్రి మొదటి పేరు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, 1866లో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వెలిసింది. మీరు ఇప్పుడు చూసే గుమ్మటాల భవనం అది కాదు. పాతది 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో పోయింది. ఆ రోజు అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ కొట్టుకుపోయాయి. పురానాపూల్ ఒక్కటే దెబ్బలు తిని నిలబడింది. ఊరు మొత్తం మీద 15 వేల మంది దాకా పోయారంటారు. ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఏటా సెప్టెంబర్ 28న కొందరు దాని కింద చేరి వరదను తలుచుకుంటారు.

చింతచిగురు
ఒక్క చెట్టు మీద 150 మందా? కొంచెం ఎక్కువ చెప్పినట్టుంది అన్నా.

అఫ్జల్‌గంజ్ అబ్బాయి
ఒకసారి వచ్చి చూడు, తర్వాత మాట్లాడు. లెక్క పెట్టినవాడు ఎవడూ లేడు, ఒప్పుకుంటా. కానీ ఆ మాను చుట్టుకొలత, కొమ్మలు చూస్తే ఇంకో యాభై మందిని కూడా ఎక్కించొచ్చు అనిపిస్తుంది.

వైజాగోడు
మా వైజాగ్ కింగ్ జార్జ్ ఆస్పత్రి, అదే కేజీహెచ్, 1923 జులై 19న మొదలైంది, 2023లో వందేళ్ల పండగ చేసుకున్నాం. మీ ఉస్మానియా భవనం 1925 నాటికి గానీ పూర్తి కాలేదు. భవనం లెక్కన మాదే పెద్ద, ముందు ఆ మాట ఒప్పుకోండి :)

అన్నట్టు మలేరియా దోమ సంగతి రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఉస్మానియాలోనే కదా? దాని గురించి ఎవరూ రాయలేదేం?

కోఠి బ్యాచ్
రాస్ పని చేసింది ఉస్మానియాలో కాదండీ. 1897 ఆగస్టు 20న ఆయన దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు, బేగంపేటలో. ఆయన సైన్యం డాక్టరు. ఆ భవనం తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది, అందుకే చాలామంది ఆస్పత్రికి అంటగడతారు. మా ఆస్పత్రికి అరువు కీర్తి అక్కర్లేదు, సొంతది చాలా ఉంది.

నేను ఉస్మానియా మెడికల్ కాలేజీలో 80ల్లో చదివాను. ఇప్పుడు రిటైర్డ్. కాలేజీ కథ ఆస్పత్రి కంటే పాతది. 1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ (బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్ మెక్లీన్ చేతుల మీదుగా హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. పాఠాలు ఉర్దూలో. నిజాం మందులు మింగనని మొండికేస్తే మెక్లీన్ తిండి మార్చి జబ్బు నయం చేశాడని, దానికి మెచ్చి నిజాం స్కూల్ పెట్టమన్నాడని మా సీనియర్లు చెప్పేవారు. అప్పట్లో ఇంగ్లిష్ వైద్యాన్ని దేశభాషలో చెప్పడం చిన్న పనేం కాదు.

అసలు పెద్ద కథ క్లోరోఫామ్‌ది, అంటే ఆపరేషన్‌కు ఇచ్చే మత్తుమందుది. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ రెసిడెన్సీకి వచ్చాడు. స్కూల్, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి రెండూ ఆయన కిందే నడిచాయి. ఆ రోజుల్లో క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు బల్ల మీదే ప్రాణం వదిలేవారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్నది పెద్ద తగాదా. లండన్ డాక్టర్లు నాడి చూస్తూ ఉండాలన్నారు. లారీది ఎడిన్‌బరో పాఠశాల. నాడి గీడి పక్కనపెట్టు, ఊపిరి మీద కన్నేసి ఉంచు అన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో 1888లో ఇక్కడే కమిషన్ వేసి జంతువుల మీద పరీక్షలు చేశారు. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ నమ్మలేదు. నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చులు మావి అని నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు! లాడర్ బ్రంటన్ అనే ఆ కాలపు పేరుమోసిన మందుల నిపుణుడు 1889లో ఓడెక్కి వచ్చాడు. అనుమానంతో వచ్చినవాడు కాస్తా లారీ మాటే సరైనదని ఒప్పుకుని వెళ్లాడు. ప్రపంచంలో వైద్యులంతా కొన్నాళ్లు హైదరాబాద్ పేరే పలికారు.

చింతచిగురు
డాక్టర్ గారూ, చివరికి లారీ చెప్పింది నిజమేనా? అదీ చెప్పండి.

కోఠి బ్యాచ్
సగం నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన లండన్‌లో తేల్చాడు. తక్కువ మోతాదు క్లోరోఫామ్ మత్తులో ఉన్నప్పుడు గుండె లయ ఉన్నట్టుండి తప్పి ఆగిపోగలదు, ఊపిరితో పని లేకుండానే. కాబట్టి ‘గుండెకు ఏమీ కాదు’ అన్న హైదరాబాద్ తీర్పు నిలబడలేదు. కానీ మత్తు ఇచ్చేవాడు కత్తి పట్టినవాడి వైపు కాకుండా రోగి ఊపిరి వైపు చూడాలన్న లారీ పట్టుదల మాత్రం ఇప్పటికీ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లోనూ నడుస్తోంది. మా ప్రొఫెసర్ ఒకాయన మొదటి సగం మాత్రమే చెప్పి కాలర్ ఎగరేసేవాడు. నాకు రెండో సగమే ఎక్కువ ఇష్టం. ఒక ఆస్పత్రి తన డబ్బుతో, తన ఊళ్లో, ప్రపంచంతో వాదనకు దిగింది. తప్పో ఒప్పో, ఆ ధైర్యం ఇప్పుడు ఏ జిల్లా ఆస్పత్రికి ఉంది?

ఆ స్కూల్లోనే 1885లో ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. వాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. క్లోరోఫామ్ ఇవ్వడంలో లారీ దగ్గర ఆరితేరి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు. 1909లో పైచదువుకు ఎడిన్‌బరో కూడా వెళ్లొచ్చారు. హైదరాబాద్‌లో ఆమె పేరు మీద ఒక పెద్ద రోడ్డైనా ఉండాల్సింది.

డల్లాస్ మామ
సర్ నమస్తే, నేను మీకు చాలా జూనియర్‌ని, 90ల చివరి బ్యాచ్. ఇక్కడ అమెరికాలో నా మొదటి ఏడాది రెసిడెన్సీ శిక్షణలో అటెండింగ్ (పై డాక్టరు) “సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం) వేయడం ఇంత తేలిగ్గా ఎక్కడ నేర్చుకున్నావ్” అని అడిగాడు. ఉస్మానియా క్యాజువాలిటీలో అని చెప్తే ఆయనకు ఏం అర్థమవుతుంది! పుస్తకంలో ఒక్క పేరాలో ఉండే జబ్బులు మాకు వార్డులో వరసగా కనపడేవి. టెటనస్, పురుగుల మందు తాగిన కేసులు, పాముకాట్లు, కాలిన గాయాలు. ఇక్కడివాళ్లు జీవితంలో ఒక్కసారి చూసేవి మేం హౌస్ సర్జన్‌షిప్ అయ్యేలోపే చూసేశాం. కోఠిలో కాలేజీ, అఫ్జల్‌గంజ్‌లో వార్డు. పొద్దున పుత్లీబౌలి మీదుగా నడుచుకుంటూ పోయి, మధ్యలో ఒక ఇరానీ చాయ్.

అఫ్జల్‌గంజ్ అబ్బాయి
చాయ్ అన్నారు కాబట్టి, ఉస్మానియా బిస్కెట్ కూడా ఆస్పత్రి నుంచే పుట్టిందని మా బజార్లో గట్టిగా చెప్తారు. రోగులకు తేలిగ్గా అరిగేలా, కొంచెం తీపి కొంచెం ఉప్పుతో చేయించారని. ఇంకో వర్గం నిజాంకే ఇష్టమై ఆ పేరొచ్చింది అంటుంది. మా దుకాణం ఆస్పత్రి పక్కనే కాబట్టి నేను మొదటి కథ వైపే.

మూసీగట్టు
ఇంత గొప్ప చరిత్ర ఉన్న చోటికి చెడ్డపేరు ఎప్పుడు అంటింది? మా అమ్మ చెప్పేది, వాళ్ల చిన్నప్పుడు తహసీల్దార్లు, లెక్చరర్లు కూడా ఉస్మానియాకే పోయేవాళ్లట.

కోఠి బ్యాచ్
మీ అమ్మగారు చెప్పింది నిజమే. మేం చదివే రోజుల్లో సెక్రటేరియట్ ఆఫీసర్ల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. పేయింగ్ రూమ్ కోసం సిఫార్సు ఉత్తరాలు తెచ్చేవాళ్లు. అదే దశాబ్దంలో పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రి ‘నిమ్స్’ అయింది. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో వచ్చింది. చేతిలో డబ్బున్నవాళ్లు, ఆఫీసు వాళ్లు బిల్లు కట్టేవాళ్లు ఒక్కొక్కరే అటు జరిగారు. ఎవరూ ఉస్మానియాలో వైద్యం బాగాలేదని పోలేదు. అక్కడ ఏసీ గది ఉంది, లైన్ లేదు, అంతే.

వాళ్లు పోవడంతో ఏమైందంటే, పంపు రాకపోతే మంత్రికి ఫోన్ చేసే మనిషి పోయాడు. పత్రికకు ఉత్తరం రాసే లెక్చరర్ పోయాడు. మిగిలింది కర్నూలు, బీదర్, నాందేడ్ వైపు నుంచి తెల్లవారుజామున బస్సు దిగే జనం. వాళ్లకు ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలియదు, తెలిసినా ఇవ్వరు. పేషెంట్ బాగైతే దండం పెట్టి వెళ్లిపోతారు. నా లెక్కలో చెడ్డపేరు మొదలైంది అక్కడ.

కరెక్టే_గానీ
డాక్టర్ గారు అంటే గౌరవమే గానీ, తప్పంతా వెళ్లిపోయినవాళ్ల మీదికి తోసేస్తే ఎట్లా? 2018లో అక్కడి డాక్టర్లు తల మీద హెల్మెట్లు పెట్టుకుని డ్యూటీ చేశారు, పెచ్చులు ఊడి పడుతున్నాయని నిరసనగా. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. 2020 జులైలో వాన పడితే వార్డుల్లో మోకాళ్ల దాకా కాకపోయినా మడమలు మునిగేంత మురికి నీళ్లు, రోగులు మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అదీ కోవిడ్ కాలంలో. గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కోవిడ్‌కు ఇచ్చేశారు కాబట్టి మిగతా జబ్బుల జనమంతా ఉస్మానియా మీదే పడ్డ సమయంలో. ఆ నెలలోనే పాత భవనం మూసేశారు. వెయ్యికి పైగా పడకల ఆస్పత్రిని పక్క బ్లాకుల్లో కుక్కితే నేల మీద పరుపులు పడక ఏం చేస్తాయి? జనం భయపడటంలో తప్పేముంది?

పాలమూరు పిల్ల
భయం మీ సిటీవాళ్లకు అన్నా. మా నారాయణపేట వైపు ‘పెద్ద దవాఖాన’ అంటే ఇప్పటికీ ఉస్మానియానే.

మా బావకు బండి యాక్సిడెంట్ అయింది. దగ్గరి పట్నంలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో చేర్పించినం. పేరు చెప్పను, ఇప్పటికీ నడుస్తున్నది. మొదటి రోజు అంతా బాగానే ఉంది అన్నారు. రోజూ సాయంత్రం కౌంటర్ దగ్గరికి పిలిచి ఇంత కట్టండి అనేవాళ్లు. అక్క పుస్తెలతాడు బ్యాంకులో పెట్టింది, అదీ అయిపోయింది. డబ్బులు లేవని చెప్పిన రోజే పెద్ద సార్ వచ్చి “ఇక్కడ సౌకర్యాలు చాలవు, హయ్యర్ సెంటర్‌కు తీసుకుపోండి” అని చీటీ రాసిచ్చాడు. ముందు రోజు దాకా చాలిన సౌకర్యాలు ఆ రోజు ఎట్లా చాలకుండా పోయినయి?

ఉస్మానియా ఎమర్జెన్సీకి రాత్రి చేరినం. స్ట్రెచర్ మీద నుంచి దించకముందే ఒక పీజీ అమ్మాయి వచ్చి కళ్లల్లో టార్చ్ కొట్టి చూసి, సీటీ స్కాన్‌కు పంపింది. డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు. అది నాకు చానా రోజులు నమ్మబుద్ధి కాలేదు. బావ కొంచెం కుంటుతాడు, పొలం పని చేసుకుంటున్నాడు.

డల్లాస్ మామ
అమ్మా, మీరు చెప్పిన ఆ చీటీ మా రోజుల్లోనూ ఉండేది. చేయాల్సిన సమయం దాటిపోయాక వస్తారు. ఆ చావు ఉస్మానియా లెక్కలో పడుతుంది. మీ ఆఫీసు క్యాంటీన్ ఆయన “పోయినోడు తిరిగొస్తాడా” అన్నది ఈ లెక్కే, మూసీగట్టు గారూ. చివరి మెట్టు మీద ఉన్న ఆస్పత్రికి చావుల సంఖ్య ఎప్పుడూ ఎక్కువే కనపడుతుంది.

కరెక్టే_గానీ
కొంతవరకు ఒప్పుకుంటా. కానీ ‘మా దగ్గరికి ఆలస్యంగా వచ్చారు’ అన్నది ప్రతి చావుకూ సమాధానం అయిపోకూడదు కదా.

డల్లాస్ మామ
కాకూడదు. అందుకే ఆస్పత్రుల్లో చావుల మీద సమీక్ష మీటింగులు పెట్టేది. అవి ఎంత నిజాయితీగా జరుగుతాయన్నది వేరే చర్చ.

సిస్టర్ కాదు అక్క
ఇంతమంది డాక్టర్లు, ఇంజనీర్లు మాట్లాడుతున్నారు, నర్సులు ఎవరూ లేరా అని చూస్తున్నా. నేను ఉస్మానియాలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. బిస్కెట్ల కథ కాకుండా ఒక సంగతి చెప్తాను.

108 వాళ్లు మనిషిని దించి వెళ్తారు. జేబులో కాగితం ఉండదు, వెంట ఎవరూ ఉండరు. కేస్ షీట్ మీద ‘అన్‌నోన్ మేల్, సుమారు 45’ అని రాస్తాం. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసు) కట్టి అవుట్‌పోస్టులో పోలీసులకు చెప్తాం. పుట్టుమచ్చలు, పచ్చబొట్టు ఉంటే అదీ రాసుకుంటాం. చేతి మీద పచ్చబొట్టు ఎంత పనికొస్తుందో చెప్పలేను, సగం మందికి పెళ్లాం పేరో దేవుడి పేరో ఉంటుంది. ఆ మనిషికి ముక్కులో గొట్టం ద్వారా పాలు పట్టేది మేమే, పక్కకు తిప్పి వీపు తుడిచేది మేమే. గడ్డం పెరిగితే వార్డ్ బాయ్ గీస్తాడు. తెలివి రాగానే పేరు అడగం, ముందు ఊరు అడుగుతాం. తలకు దెబ్బ తగిలినవాళ్లు పేరు తడబడతారు గానీ ఊరు చెప్పేస్తారు. ఊరు తెలిస్తే మండలం తెలుస్తుంది, ఎవరో ఒకరి ద్వారా సర్పంచ్ ఫోన్ దొరుకుతుంది. రెండు రోజుల్లో భార్యాపిల్లలు వచ్చేస్తారు.

ఇలాంటి మనిషిని ‘బెడ్లు లేవు’ అని గేటు నుంచి తిప్పి పంపే హక్కు మాకు లేదు. ప్రైవేటువాళ్లు పంపేస్తారు. బెడ్లు నిండితే వాళ్లు బోర్డు తిప్పేస్తారు, మేం నేల మీద పరుపు వేస్తాం. ఆ నేల మీది పరుపు ఫోటో తీసి పేపర్లో వేస్తే మాకు చెడ్డపేరు. వేయొద్దని అనను, వేస్తేనే పరుపులైనా వస్తాయి. కానీ దాన్ని చూసి నవ్వేవాళ్లు పరుపు లేకపోతే ఆ మనిషి ఎక్కడ పడుకునేవాడో కూడా ఆలోచించాలి.

చింతచిగురు
అక్కా, ఊరు ముందు అడుగుతారన్నది ఎప్పుడూ వినలేదు. ఇంకా రాయండి.

సిస్టర్ కాదు అక్క
రాయాలంటే చాలా ఉంది తల్లీ, మనవడు ఫోన్ అడుగుతున్నాడు. కాలిన గాయాల వార్డు గురించి ఒక్క మాట. 2021లో అక్కడ స్కిన్ బ్యాంక్ పెట్టారు. చనిపోయినవాళ్ల చర్మం దానం తీసుకుని కాలినవాళ్లకు కప్పుతారు. కళ్లు దానం చేయమంటే ఇప్పుడు జనం ఒప్పుకుంటున్నారు, చర్మం అనగానే ఉలిక్కిపడతారు. పైపొర పల్చగా తీస్తారు, మనిషి రూపం చెడదు. ఇది చదివినవాళ్లు ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.

మహాప్రజ
ఇదంతా ఫలానా పార్టీ పదేళ్లు పట్టించుకోకపోవడం వల్లే. ఇప్పుడు ఇంకో పార్టీ గోషామహల్ స్టేడియం లాక్కుని...

మోడరేటర్
మహాప్రజ గారి మిగతా నాలుగు పోస్టులు తీసేశాం. ప్రభుత్వాల నిర్ణయాల గురించి రాయొచ్చు, నాయకుల ఇంటి ఆడవాళ్ల గురించి రాస్తే ఖాతా పోతుంది.

సున్నంరాయి
పాత కట్టడాల మరమ్మతు నా పని. భవనం గురించి చెప్తాను, ఇందాకటి నుంచి పెచ్చులు, వాన నీళ్లు అని వింటున్నా కాబట్టి.

వరద తర్వాత మూసీ రెండు ఒడ్డులూ కొత్తగా కట్టుకున్నారు. విశ్వేశ్వరయ్య సలహాతో పైన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూసిన విన్సెంట్ ఎష్‌ను పిలిపించాడు. ఆ ఒడ్డున హైకోర్టు, ఈ ఒడ్డున ఆస్పత్రి, అటు సిటీ కాలేజీ, ఇటు కాచిగూడ స్టేషన్, అన్నీ ఒకే మనిషి చేతి గీతలు. నయాపూల్ మీద నిలబడి రెండు వైపులా చూస్తే తెలుస్తుంది.

ఇక జబ్బు. రాయి, ఇటుక, సున్నం కట్టడానికి ఒకటే శత్రువు, నిలిచిన తేమ. సున్నం గోడ తడిని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండి సున్నాన్ని తినేస్తుంది. వందేళ్లలో ఎవరికి తోచిన చోట వాళ్లు మరుగుదొడ్లు కట్టారు, గోడలు తొలిచి పైపులు దింపారు, ఏసీలకు కన్నాలు పెట్టారు. డాబా మీద రావి మొక్క మొలిస్తే పైన కోసేసి ఊరుకున్నారు, వేరు లోపలే లావెక్కింది. కప్పులో ఉన్న ఇనుప దూలానికి నీళ్లు తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద పెచ్చు ఊడి ఎవరి నెత్తినో పడుతుంది. జనం దాన్ని చూసి భవనం కూలిపోతోంది అంటారు. ఊడింది పెచ్చు. గోడ ఇంకా మనవళ్ల కాలం దాకా నిలబడగలదు, నీళ్లు ఆపితే.

2015లో ప్రభుత్వం దీన్ని కూల్చేసి టవర్లు కట్టాలన్నప్పుడు మాలాంటివాళ్లు అందుకే అడ్డం పడ్డారు. పాత కట్టడాల రక్షణ సంస్థ ఇన్‌టాక్ వాళ్లు వచ్చి చూసి బాగు చేయొచ్చు అన్నారు. అప్పటికి కూల్చుడు ఆగింది. అయితే బాగుచేసుడు కూడా ఆగింది, అదే నాకు బాధ. కూల్చొద్దు అని కోర్టుకు పోయినవాళ్లలో ఎంతమంది పైకప్పు మీది మొక్కలు పీకించమని అంతే గట్టిగా అడిగారు?

కరెక్టే_గానీ
మొదటిసారి ఈ చర్చలో నాకు పూర్తిగా నచ్చిన పోస్ట్. ఇంతకీ మీరు చెప్పండి, బాగు చేస్తే అందులో మళ్లీ వార్డులు పెట్టొచ్చా?

సున్నంరాయి
పెట్టొద్దంటాను. నా పక్షంవాళ్లకు ఈ మాట నచ్చదు. ఎత్తైన కప్పు, వెడల్పు వరండాలు గాలి వెలుతురు కోసం కట్టినవి, టీబీ, కలరా రోజులకు అది సరైన ఆలోచన. ఇప్పటి ఐసీయూకి ఆక్సిజన్ పైపులు, కలుషితం కాని గాలి, బరువైన యంత్రాలు, పెద్ద లిఫ్టులు కావాలి. ఇవన్నీ లోపల దూర్చాలంటే మళ్లీ గోడలు తొలవాలి, మళ్లీ అదే జబ్బు. ఓపీ, కాలేజీ క్లాసులు, మందుల పంపిణీ, వైద్య చరిత్ర మ్యూజియం, ఇవి పెట్టుకోవచ్చు.

కోఠి బ్యాచ్
మ్యూజియం అంటే నేను మొదటి రోజే వచ్చి కూర్చుంటా. క్లోరోఫామ్ కమిషన్ రిపోర్టు అద్దాల పెట్టెలో పెట్టి, పక్కనే రూపాబాయి ఫోటో. లెవీ పేపర్ కూడా పెట్టాలి, లేకపోతే మా ప్రొఫెసర్ లాంటివాళ్లు సగం కథ చెప్పి పంపేస్తారు.

వైజాగోడు
బయటివాడిగా అడుగుతున్నా. ఆస్పత్రి మారిస్తే పేరు కూడా మారుతుందా, నిలుస్తుందా? మా దగ్గర కేజీహెచ్‌ను కొండ దించి వేరే చోటికి తీసుకుపోతామంటే ఊరు ఊరుకోదు.

కోఠి బ్యాచ్
ఊళ్లోనే ఉదాహరణ ఉంది. గాంధీ ఆస్పత్రి ఒకప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండేది. 2003లో ముషీరాబాద్ పాత జైలు ఉన్న స్థలానికి మార్చారు. అప్పుడూ “స్టేషన్ దిగి నడిచొచ్చే పేదవాడు ఏమైపోవాలి” అని పెద్ద గొడవే. ఇప్పుడు గాంధీ అంటే ముషీరాబాద్‌దే అందరికీ. కోవిడ్ మొత్తం మోసింది ఆ కొత్త భవనమే. యూనిట్లు, చీఫులు, నర్సులు, పాత రిజిస్టర్లు అన్నీ కలిసి కదిలితే పేరు వెంట వస్తుంది. ముక్కలు ముక్కలుగా కదిలిస్తే, సగం డిపార్ట్‌మెంట్లు ఇక్కడ, సగం అక్కడ అంటే, రెండు చోట్లా చెడుతుంది. స్ట్రోక్ పేషెంట్‌కు న్యూరో ఒక చోట, సీటీ ఒక చోట అయితే ఎట్లా?

అఫ్జల్‌గంజ్ అబ్బాయి
స్థలం గురించి నేనూ ఒకటి చెప్పాలి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి, ప్రయాణికుల్ని బయటికి తేవాల్సి వచ్చింది. 1908 వరద తేదీకి ఒకటి రెండు రోజుల ముందే! నది ఒడ్డున పెద్దాస్పత్రి ఉండటం మంచిదేనా అని మా బజార్లో ముసలివాళ్లు కూడా అనుకున్నారు. మార్చడానికి నేను వ్యతిరేకం కాదు. నా వ్యాపారం తగ్గినా సరే.

గోషామహల్ వాళ్ల కోపం కూడా నాకు అర్థమవుతుంది. పిల్లలకు ఆడుకోవడానికి ఉన్న ఒక్క మైదానం పోతోంది, ఆ సందుల్లో అంబులెన్స్ ఎట్లా పోతుందని వ్యాపారుల గోల. బేగంబజార్‌లో మధ్యాహ్నం బండి నడిపినవాళ్లకు తెలుసు.

పాలమూరు పిల్ల
అదే నా ప్రశ్న. ఇప్పుడు ఎంజీబీఎస్‌లో బస్సు దిగి సామాను నెత్తిన పెట్టుకుని నడిచిపోయేంత దూరం ఉస్మానియా. మా ఊరి ముసలమ్మలకు దారి కళ్లు మూసుకున్నా తెలుసు. గోషామహల్ అంటే ఎవరికీ తెలియదు. ఆటో అతను ముసలామెను చూసి ఎంత అడుగుతాడో మీకే తెలుసు. 2,000 పడకలు కట్టేవాళ్లు ఎంజీబీఎస్ నుంచి గేటు దాకా తెల్లారుజామున నాలుగింటికే మొదలయ్యే సిటీ బస్సు వేస్తారా? వెంట వచ్చినవాళ్లు పడుకోవడానికి షెడ్డు ఉంటుందా? ఇప్పుడున్న చోట 5 రూపాయల భోజనం దొరుకుతున్నది, అక్కడా ఉంటుందా?

సిస్టర్ కాదు అక్క
మనవడు పడుకున్నాడు, మళ్లీ వచ్చాను. పాలమూరు తల్లి అడిగినవి మంచి ప్రశ్నలు. నేను ఇంకొకటి కలుపుతా. షెడ్డులో ఆడవాళ్లకు వేరే బాత్రూమ్, రాత్రంతా లైటు. ప్లాన్లు గీసేవాళ్లు పేషెంట్ బెడ్లు లెక్కపెడతారు. ఒక్కో పేషెంట్ వెంట ఇద్దరు వస్తారు, వాళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

సున్నంరాయి
ఇది రాసిపెట్టుకుంటున్నా. పాత భవనంలో ఓపీ ఉంచితే బస్సు దిగినవాళ్లు అలవాటైన చోటికే వస్తారు. అక్కడ చూసి, చేర్చుకోవాల్సినవాళ్లను ఆస్పత్రి బండిలోనే గోషామహల్ పంపొచ్చు. రెండు చోట్ల మధ్య దూరం ఏమంత కాదు.

కోఠి బ్యాచ్
ఓపీ వరకు సరే. ఎమర్జెన్సీని మాత్రం ఆ లెక్కలో కలపకండి. మొదటి రోజు నుంచే ఎమర్జెన్సీ, సీటీ, బ్లడ్ బ్యాంక్, థియేటర్ ఒకే గోడ లోపల ఉండాలి.

మూసీగట్టు
అందరికీ థ్యాంక్స్. ఈ లింక్ క్యాంటీన్ గ్రూపులో పెడుతున్నా. పాలమూరు గారు, అక్క గారు చెప్పిన బస్సు, షెడ్డు, బాత్రూమ్, భోజనం గురించి ఒక అర్జీ రాస్తాను. ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు ఇవ్వాలా, వైద్య విద్య డైరెక్టర్‌కు ఇవ్వాలా?

సిస్టర్ కాదు అక్క
ఇద్దరికీ ఇవ్వు బాబూ. ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోకుండా మాత్రం కౌంటర్ దగ్గర నుంచి కదలకు.